దొర ముందు ఊపిన తల

మనిషి చేసే తెలివితక్కువ పనుల్లో చాలావాటికి నోరు కావాలి. ఎవరికో మాటివ్వాలి, ఎవరినో మాటనాలి, కాదంటే ఎక్కడో సంతకమైనా పెట్టాలి. అలాంటివి నేనూ తగుమాత్రంగా చేస్తూనే వచ్చాను గానీ, అన్నిటికన్నా పెద్దది మాత్రం నోరు విప్పకుండానే చేశాను. తల ఊపాను. పైకీ కిందికీ, ఒక్కసారి. అప్పటికి నాకు పదిహేడేళ్ళు నిండలేదు. టెక్కలిలో ఇంటర్మీడియట్ చదువుతున్నాను. లోపల సరుకు లేని తల తేలిగ్గా ఊగుతుందని ఆ రోజే తెలుసుకోవలసింది. తెలుసుకోకుండానే సోషల్ మాస్టరునై, ఏళ్ళ తరబడి పిల్లలకు అమెరికా చరిత్ర చెప్పి, వాళ్ళ తలలు కూడా ఊపించి రిటైరయ్యాను.

ఈ సంగతి నాతోనే పోయేది. పోనివ్వలేదు మా కూర్మారావు. కూర్మారావు మా మేనత్త కొడుకు, పలాసలో జీడిపప్పు వ్యాపారి. పప్పుల్లో పుచ్చులు ఏరినంత జాగ్రత్తగా మాటల్లో ఏరడు. పోయిన నెల ఒక పొద్దున్న ఫోన్ చేశాడు.

"బావా, ఎక్కడున్నావు?"

"టెక్కలిలోనే. ఏం?"

"నీకోసం అమెరికా నుండి మనిసొచ్చినాడు. నీ పాత పొటో ఒకటి సేత్తో ఒట్టుకోని కాశీబుగ్గంతా తిరుగుతన్నాడు."

"పోలీసా?"

"పాస్టరు. ఆళ్ళూర్లో ఓట్లకి కూడా నిల్సున్నాడట. అది సరే గానీ బావా, నివ్వు అనాథవట గదా! మా మావకీ అత్తకీ నివ్వెక్కడ దొరికినావు? ఇన్నాళ్ళూ సుట్టమనుకోని పండగ పండక్కీ జీడిపప్పు పంపుతన్నాను. ఒక్క మాట సెప్పనేదేటి?"

నవ్వుతున్నాడు వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఫోటో ఏదో నాకు తెలుసు. అందులో నేనున్నాను, నా వెనక మా నాన్న ఉన్నాడు. దాని కింద ఇంగ్లీషులో రెండు లైన్లున్నాయి. ఆ రెండు లైన్ల నుంచి మా నాన్నను కాపాడడానికి నేను పడ్డ పాట్లు రాస్తే అది మరో పురాణమవుతుంది. కానీ ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మా ఊరు ఉద్దానంలో సముద్రానికి కూతవేటు దూరం. గాలి ఇటు తిరిగితే చేపల వాసన, అటు తిరిగితే మొగలిపూల వాసన, రెండూ కాకపోతే జీడిపిక్కలు కాల్చే పొగ. ఆ పొగకు కళ్ళు మండినా ముక్కు మాత్రం ఇంకాస్త ఇంకాస్త అంటుంది. మా నాన్న దండాసి తెల్లారకముందే లేచి, ఇంత చోడి అంబలి తాగి, నడుముకి తువ్వాలు బిగించి తోటలోకి వెళ్ళేవాడు. ఊరంతా కాయలు దింపే మనుషుల్ని పిలిచినా, ఆయన మాత్రం తన కొబ్బరిచెట్లు తానే ఎక్కేవాడు. పరాయివాళ్ళు ఎక్కితే చెట్లు బెంగ పెట్టుకుంటాయట. చెట్టుకో పేరు పెట్టాడు. నూతి దగ్గర పనసచెట్టు పెద్దప్ప. దాని కింద పడుకునే కుక్క దివాను. ఆవు గౌరి. ఆయనకు చొక్కా ఒక్కటే ఉండేది, అదీ కొయ్యకు వేలాడుతూ. తాలూకా ఆఫీసుకు వెళ్ళేటప్పుడూ పెళ్ళిళ్ళకూ దిగేది, తిరిగి రాగానే మళ్ళీ కొయ్యెక్కేది. నాన్న చెట్లెక్కినన్ని సార్లు చొక్కా కొయ్యెక్కిందని మా అమ్మ నరసమ్మ అనేది.

చుట్టం వచ్చినప్పుడు కూడా ఆయన చొక్కా తొడిగేవాడు కాదు. అది అగౌరవం కాదు, అసలు మర్యాదే అది. మా వైపు చుట్టం తింటున్నంతసేపూ ఇంటాయన నిలబడే ఉంటాడు. చొక్కా వేసుకుంటే వడ్డించే చేతికి అడ్డం, కూర్చుంటే చుట్టానికి మొహమాటం. విసనకర్రతో విసురుతూ, "ఇంకో ముక్క ఎయ్యీ" అని లోపలికి కేకేస్తూ, చుట్టం చెయ్యి కడుక్కున్నాక మిగిలినదేదో తాను తింటాడు. తెలిసినవాళ్ళు ఆ నిలబడ్డ మనిషిని చూసి, ఈ ఇంటికి యజమాని ఈయనే అనుకుంటారు. తెలియనివాళ్ళు ఏమనుకుంటారో అన్న ఆలోచన మా నాన్నకు లేదు. తెలియనివాళ్ళెవరూ అంతవరకూ మా ఇంటికి రాలేదు.

తెలియని మనిషిని తెచ్చింది నేను. ఊళ్ళో రేడియో ఉన్న ఇంటికి నేను సాయంత్రాలు వెళ్ళేవాణ్ణి. ముల్లు తిప్పుతుంటే ఎక్కడో సముద్రాల అవతలి నుంచి ఒక గొంతు, ఉత్తరం రాస్తే చాలు, బైబిలు పాఠాలు ఇంటికే ఉచితంగా పంపుతామంది. 'బైబిలు' అన్న మాట కన్నా 'ఉచితం' అన్న మాట నాకు బాగా వినిపించింది. కార్డు రాశాను. నెల తిరిగేసరికి రంగుల పుస్తకాలు, ప్రశ్నపత్రాలు వచ్చాయి. జవాబులు రాసి పంపితే ఎర్రసిరాతో దిద్ది, నూటికి నూరు వేసి తిరిగి పంపేవారు. కాలేజీలో ఇంగ్లీషు పేపరు ముప్పై అయిదు దాటితే గుళ్ళో కొబ్బరికాయ కొట్టేవాణ్ణి నేను. అలాంటివాడికి అమెరికా నుంచి నూటికి నూరు! చివర బంగారు రంగు ముద్రతో సర్టిఫికెట్ వస్తే మా అమ్మ దాన్ని దేవుడి పటాల పక్కన పెట్టి బొట్టు పెట్టింది. "బంగారు ముద్దర ఉన్నాది గదా, ఏ దేముడిదైనా దేముడిదే" అంది.

నూటికి నూరులో నా వాటా ఎంతో నాకు తెలుసు. మిగతాది యాకోబు గారిది. నౌపడ ఉప్పుమళ్ళ దగ్గర, తాటాకు పాక లాంటి గుడిలో ఆయన పాస్టరు. ఉప్పుమళ్ళలో పనిచేసేవాళ్ళే ఆయన సంఘం. ఉప్పు గాలికి కళ్ళజోడు ఫ్రేము తుప్పు పడితే దారంతో కట్టుకున్నాడు. నన్ను మతంలో కలుపుకుందామని ఆయనెప్పుడూ చూడలేదు. నా ఇంగ్లీషును వాక్యంలో కలుపుదామని మాత్రం చాలా కష్టపడ్డాడు. మా నాన్నా ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. క్రిస్మసుకు మా తోట నుంచి కొబ్బరికాయలు అటు వెళ్ళేవి, ఉప్పు బస్తా ఇటు వచ్చేది.

పాఠాలతో పాటు అమెరికా చరిత్ర పుస్తకాలు కూడా వచ్చేవి. పలచనివి, బొమ్మలవి. దేవుణ్ణి తమ పద్ధతిలో కొలుచుకోవడానికి ఓడెక్కి వచ్చిన భక్తులు, మంచులో మోకరించిన నాయకుడు, చెక్కఇంట్లో పుట్టి దేశాన్నేలినవాడు. అందరికీ కోట్లున్నాయి, గుండీలన్నీ పెట్టి ఉన్నాయి. దీపాల వేళ వాటిని తెలుగు చేసి మా నాన్నకు చదివి వినిపించేవాణ్ణి. ఆయన కొబ్బరిపీచు తాడు పేనుతూ వినేవాడు. ఓడ కథ ఆయనకు బాగా నచ్చింది. మా పక్క గంగపుత్రుల ఊళ్ళో ఓడ కష్టాలు ఆయన ఎరిగినవే. తొలి చలికాలం తిండిలేక సగంమంది పోయారని చదివితే, పేనుతున్న తాడు ఆపాడు.

"మరి మిగిలినోలు ఎలా బతికినార్రా?"

"అక్కడి వాళ్ళు తిండి పెట్టారు నాన్నా. మొక్కజొన్న వెయ్యడం నేర్పారు. స్నేహంగా ఉన్న ఇండియన్లు అని రాశారు."

"మనోలే!" అన్నాడు, గర్వంగా.

"మనం కాదు. దారి తప్పినవాడెవడో ఇండియా అనుకుని ఆ పేరు పెట్టాడు."

"సరే, ఎవులైతేనేటి. ఆ అన్నం ఎట్టినోడి పేరేటి?"

పుస్తకం అటూ ఇటూ తిప్పాను. "రాయలేదు."

"ఓడకి పేరు రాసినారు, అన్నం ఎట్టినోడికి రాయనేదేటి? ఇదేం పుస్తకంరా!" అని మళ్ళీ తాడు అందుకున్నాడు. పుస్తకం వెనక బంగారు ముద్ర ఉందని, అందులో తప్పుండదని నేను వాదించాను. అవును, వాదించాను. మూర్ఖత్వాన్ని ఒప్పుకుంటానని మొదట్లోనే చెప్పాను కదా, దాన్ని వాయిదాల్లో ఒప్పుకుంటున్నాను.

ఇంతలో యాకోబు గారికి ఉత్తరం వచ్చింది. ఆ పాఠాలు నడిపే దొరే స్వయంగా ఈ వైపు వస్తున్నాడట, నూరుమార్కుల అబ్బాయిని వాళ్ళింట్లోనే చూడాలట. మా ఇంట్లో పెళ్ళి సందడి. అమ్మ అరుగులు అలికింది. నాన్న వారం ముందే పెద్దప్ప మీద ఒక కాయ ఎంచి, దాని చుట్టూ గోనె కట్టి దివాన్ని కాపలా పెట్టాడు. దొర వచ్చిన రోజు పనసకాయ కూర, పచ్చి జీడిపప్పుతో కోడికూర, నూతిలో వేలాడదీసి చల్లబరిచిన కొబ్బరిబొండాలు.

దొర నిజంగా మంచివాడు. నేల మీద కూర్చోవడం రాక కాళ్ళు ఎటు పెట్టాలో తెలియక అవస్థపడ్డాడు గానీ, ఆకులో మెతుకు మిగల్చలేదు. మెడలో కెమెరా, తెల్లచొక్కా, మెరిసే బూట్లు. పుస్తకంలో బొమ్మ లేచి మా ఇంటికి వచ్చినట్టుంది. ఆయన ఎదురుగా మా నాన్న, అప్పుడే చెట్టు దిగి, జుట్టులో పీచు, ఒంటి మీద చెట్టు గీరిన గీతలు, నడుముకి తువ్వాలు, చేతిలో విసనకర్ర. మొదటిసారి నేను మా నాన్నను దొర కళ్ళతో చూశాను. చూసి ఊరుకుంటే బాగుండేది.

యాకోబు గారు చెయ్యి కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళారు. అమ్మ వంటింట్లో ఉంది. దొర నా వైపు వంగి, నాన్న వైపు వేలు చూపించి, మెల్లగా ఇంగ్లీషులో అడిగాడు. "ఈ పెద్దాయన మీ ఇంటి పనివాడా?"

మా నాన్నకు అప్పటికి నలభై రెండేళ్ళు. కొబ్బరిచెట్లు మనిషిని తొందరగా పెద్దాయన్ని చేస్తాయి. కాదు అనడానికి నాకు ఒక్క మాట చాలు, ఆ మాట ఇంగ్లీషులో నాకు ఒకటో క్లాసు నుంచీ వచ్చు. నాన్నను చూశాను. దొరను చూశాను. తల ఊపాను.

"మరి మీ నాన్నగారు?" అన్నాడు దొర.

ఇదీ అసలు చిక్కు. ఉన్న ఒక్క నాన్ననూ అప్పుడే పనిలో పెట్టేశాను. ఇంకో నాన్నను ఎక్కణ్ణుంచి తేను? తల దించుకున్నాను. దొర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా భుజం మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. మా నాన్న గాభరాపడి, "దొరకి పలమారినట్టున్నాదిరా, బేగి నీలియ్యి" అన్నాడు.

బైబిల్లో పేతురు తన గురువును ఎరగనని ఎన్నిసార్లు బొంకాడు అన్న ప్రశ్నకు నేను అంతకు ముందు నెలే జవాబు రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. ఆయనకు కనీసం కోడి కూసి బుద్ధి చెప్పింది. నా కోడి అప్పటికే దొర విస్తట్లో ఉంది.

వెళ్ళేముందు దొర ఫోటో తీశాడు. నన్ను ముందు నిలబెట్టాడు. నాన్న బొండాలు కొడుతూ వెనక ఫోటోలో పడ్డాడు. అయిదారు నెలలకు అమెరికా నుంచి రంగుల పత్రిక వచ్చింది. మొదటి పేజీలో మేమే. కింద రెండు లైన్లు: 'తల్లిదండ్రులు లేని ఒక తీరప్రాంతపు బాలుడు. వెనక, అతన్ని పెంచిన నమ్మకమైన పనివాడు.' నాన్నతో పాటు మా అమ్మను కూడా చంపేశారు. ఆవిడ ఆ సమయానికి నా పక్కనే కూర్చుని, చేతిలో చేప తోముకుంటూ, "సదవరా, సదవరా" అంటోంది.

"శ్రీ దండాసి గారి ఆతిథ్యం మరువలేనిది" అని చదివాను.

"నా పేరెక్కడున్నాది? సూపించు" అన్నాడు నాన్న, చెయ్యి తుడుచుకుని. ఆ లైనులో అన్నిటికన్నా పొడుగ్గా ఉన్న మాట మీద వేలు పెట్టాను. అది 'నమ్మకమైన' అన్న మాట. ఆయన ఆ మాటను గోటితో నెమ్మదిగా తడిమి చూశాడు. మరుసటి వారమే టెక్కలి వెళ్ళి దానికి ఫ్రేము కట్టించి, వచ్చినవాడల్లా చూసేలా వీధిగోడకు తగిలించాడు.

అక్కడి నుంచి నాకు కాపలా ఉద్యోగం. ఇంగ్లీషు వచ్చిన మనిషి ఎవరు మా వీధిలోకి వచ్చినా నేను ఎదురెళ్ళి దారి మళ్ళించాలి. వ్యవసాయాఫీసరు వస్తే తోటలోకే తీసుకుపోయేవాణ్ణి. మా కాలేజీ లెక్చరరు ఒకాయన జీడిపిక్కల కోసం వస్తే, ఇంట్లో గౌరి ఈనుతోంది, కొత్తవాళ్ళు రాకూడదన్నాను. ఆ రెండేళ్ళలో గౌరి ఎన్నిసార్లు ఈనిందో లెక్కేస్తే ఉద్దానం అంతా దాని దూడలే ఉండాలి. నాన్న మాత్రం వీధిన పోయేవాళ్ళను పిలిచి మరీ, "ఇదిగో, ఇదే నా పేరు" అని వేలు పెట్టి చూపించేవాడు. ఆ వేలు అక్కడ పడిన ప్రతిసారీ నేను గౌరికి గడ్డి వెయ్యాలని లేచిపోయేవాణ్ణి.

మూడో ఏడు క్రిస్మసుకు ముందు యాకోబు గారు కొబ్బరికాయల కోసం వచ్చారు. అంతకు ముందు రెండుసార్లు నేనే కాయలు మోసుకెళ్ళి నౌపడలో దించి వచ్చాను. ఈసారి నాకు జ్వరం. మంచం మీద నుంచి లేచేసరికి నాన్న ఆయన్ని చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కెళ్ళిపోయాడు.

"సదువు బావా, నీ నోటితో ఇనాలనున్నాది. ఈడు సదివితే సరిగ్గా ఇనపడదు, నసుగుతాడు."

యాకోబు గారు దారం కట్టిన కళ్ళజోడు సరిచేసుకున్నారు. చదివారు. మళ్ళీ చదివారు. నా వైపు తిరిగి చూశారు. జ్వరంతో వణుకుతున్నానో, భయంతో వణుకుతున్నానో ఆయనకు అర్థమయ్యే ఉంటుంది.

"ఏటి బావా, అంతసేపు సదువుతన్నావు? రెండే లైన్లు గదా."

ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని, నెమ్మదిగా అన్నారు. "ఈ గుంటడిని ఈ మనిసే పెంచినాడని రాసినారు బావా."

"అందులో రాయడానికేటున్నాది! నాను కాక ఇంకెవుడు పెంచుతాడు?" అని నాన్న పకపకా నవ్వాడు. ఆ ఏడు యాకోబు గారికి వెళ్ళవలసిన కాయలకు రెట్టింపు వెళ్ళాయి.

గండం గడిచిందనుకున్నాను. ఆయన సైకిలు మలుపు తిరిగాక నాన్న అరుగు మీద నా పక్కన కూర్చుని, చుట్ట ముట్టించాడు.

"యాకోబు బావ మంచోడురా. పాపం నీకోసరం సగం సదివి సగం మింగేసినాడు."

"నీకెప్పుడు తెలిసింది నాన్నా?" అన్నాను.

"దొర నన్ను సూపించి అడిగినాడు. నివ్వు నన్ను సూసినావు. దొరని సూసినావు. తల ఊపినావు. తల ఊపడానికి ఇంగిలీసెందుకురా?"

"మరి ఫ్రేము ఎందుకు కట్టించావు?"

"పొటోలో నాను బాగానే ఉన్నాను గదా!" పొగ వదిలాడు. లేచి తువ్వాలు దులిపి నడుముకి బిగించుకుని, చేతులు కట్టుకుని నా ముందు నిలబడ్డాడు. "జొరంగా ఉన్నాది, లోపలికెల్లి పడుకోండి బుగతా. గౌరికి గడ్డి నాను ఏత్తాను."

బుగత అంటే మా వైపు భూస్వామి, యజమాని. ఆ రోజు నుంచి మా ఇంట్లో నేను బుగతనైపోయాను. "బుగతా, కొబ్బరి దింపమంతారేటి?" "బుగతోరికి అంబలి పొయ్యవే నరసమ్మా, కాలేజీకి ఆలస్యమైపోతన్నాది." అమ్మకు మొదట ఏమీ తెలియదు. తెలిశాక ఆవిడ కూడా జట్టు కట్టింది. ఒక్క దెబ్బ కొట్టి ఉంటే మర్నాటికి మరిచిపోదును. ఆయన కొట్టలేదు, నవ్వించాడు. నవ్వుతూనే ఉన్నాను గానీ, తప్పయిపోయింది నాన్నా అన్న మాట మాత్రం ఆ నవ్వుల మధ్య ఎక్కడా దూరడానికి సందు దొరకలేదు. రేపు చెబుదాం, ఈ పంట దింపాక చెబుదాం అనుకుంటూ నేనూ ఒక ఇంటివాణ్ణయ్యాను, పిల్లలకు తండ్రినయ్యాను.

ఉద్దానంలో చాలామందికి పాడయినట్టే ఆయనకూ కిడ్నీలు పాడయ్యాయి. ఆసుపత్రిలో నర్సమ్మ కాగితాలు నింపుతూ, "తాతా, కూడా ఉన్నాయన నీకేటవుతాడు?" అని అడిగింది. మంచం మీద నుంచే ఆయన, "మా బుగతమ్మా. ఈ బాబు తోటలో నాను పని సేత్తాను" అన్నాడు. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, ఈ కాలంలో పనివాడి కోసం ఇంతగా తిరిగే యజమానులు కూడా ఉన్నారే అని మెచ్చుకుంది. నాన్న దుప్పటి కింద ఊగి ఊగి నవ్వాడు. నేను ఆయన కొడుకునమ్మా అని చెప్పబోయాను. చెప్పకుండా నేనూ నవ్వేశాను. ఆ మాట చెప్పవలసిన రెండో అవకాశం కూడా అలా పోయింది. తర్వాత ఎక్కువ రోజులు లేడు.

అందుకే కూర్మారావు ఫోన్ చేసినప్పుడు నాకు నవ్వు రాలేదు. వచ్చినాయన ఆ దొర కొడుకు. తండ్రి పోయాక ఆయన పెట్టెలో నా ఫోటో దొరికిందట. మనిషి తండ్రి లాగే మెత్తన. పలాసలో కూర్మారావు కొట్లో కూర్చుని జీడిపప్పు ఒక్కొక్కటే నమలకుండా చప్పరిస్తున్నాడు. వాళ్ళ ఊళ్ళో బడుల మీద పెత్తనం చేసే కమిటీకి పోటీ చేస్తున్నాడట. పిల్లల చరిత్ర పుస్తకాలు ఎలా ఉండాలన్నదే అక్కడి గొడవంతా. దేశాన్ని భక్తులు దేవుడి పేరున కట్టారని పాత పుస్తకాల్లాగే చెప్పాలని ఈయన పక్షం. అది సగం కథే, అక్కడ అంతకు ముందున్నవాళ్ళ సంగతీ, బానిసల సంగతీ కూడా చెప్పాలని అవతలి పక్షం.

"ఈయన గుర్తేటి బావా?" అని అడిగాడు కూర్మారావు. నేను అడిగి చెప్పాను, ఈ ఎన్నికకు గుర్తుల్లేవట, పేర్లు చదువుకుని వేస్తారట. కూర్మారావు దొర వైపు జాలిగా చూశాడు. "గుర్తు నేకుండా ఓటెలా ఏత్తార్రా బాబూ! మనకాడ బడి కమిటీకే సగం ఊరు మాటలాడుకోడం మానేత్తాది. ఈ పెద్దమనిసికి ఒక బొండం గుర్తైనా ఇప్పించు."

నేనూ నవ్వాను గానీ, నాలో ఉన్న మాస్టరు నవ్వలేదు. మా రోజుల్లో చరిత్ర అంటే నిద్రొచ్చే పీరియడు. ఎవరూ దాని కోసం కొట్టుకునేవారు కాదు. ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు, మా చుట్టాల గ్రూపులో పొద్దున్నే ఒకడు చరిత్ర తిరగరాస్తాడు, మధ్యాహ్నానికి ఇంకొకడు దాన్ని తిరగేస్తాడు. నాన్న, యాకోబు గారు ఒకరి దేవుడి జోలికి ఒకరు వెళ్ళకుండా కొబ్బరికాయలూ ఉప్పూ మార్చుకున్న ఊళ్ళో, ఇప్పుడు ఎవరు ఎవరింట్లో ఏ పండక్కి తిన్నారన్నది కూడా ఫోటోతో సహా పంచాయితీ. మేం అప్పుడు గొప్పవాళ్ళమని కాదు. చరిత్ర గురించి పోట్లాడడానికి కావలసినంత తీరిక మాకు లేదు, కాయలు దింపుకోవాలి.

దొర కొడుక్కి కావలసింది రెండు నిమిషాల వీడియో. అమెరికా భక్తుల దయ వల్ల ఒక అనాథ ఎలా మాస్టరయ్యాడో నా నోటితో చెబితే, దాన్ని ఆయన ఎన్నికల సభల్లో చూపిస్తాడు. సరే, ముందు మా తోటలో భోంచేద్దాం అన్నాను.

తుపాన్లకు పోయినవి పోగా మిగిలిన కొబ్బరిచెట్ల కింద ఆకు వేశాం. నేను చొక్కా విప్పి కొమ్మకు తగిలించి, నడుముకి తువ్వాలు బిగించి నిలబడ్డాను.

"బావా, సొక్కా ఏసుకో. ఆ పొట్ట సూత్తే అమెరికాలో ఓట్లు పోతాయి" అన్నాడు కూర్మారావు.

"నువ్వు ముక్క వెయ్యి."

భోజనం అయ్యాక దొర కొడుకు సంచిలోంచి ఫోటో తీశాడు. వెనకనున్న మనిషి మీద వేలు పెట్టి, అచ్చం తండ్రి గొంతుతో, అంతే మెల్లగా అడిగాడు. "ఇతనేనా మీ నమ్మకమైన పనివాడు? ఇంకా ఉన్నాడా?"

ఇంత వయసు వచ్చాక, ఇన్ని పాఠాలు చెప్పాక కూడా నా మెడ ఒక్క క్షణం బిగుసుకుంది. తర్వాత ఇంగ్లీషులో అన్నాను. "ఆయన మా నాన్న. పేరు దండాసి. ఆ రోజు మీ నాన్నగారికి అన్నం పెట్టింది ఆయనే. నేను సిగ్గుపడి అబద్ధం ఆడాను."

ఆయన ఫోటోను దగ్గరికి తెచ్చుకుని, వెనకనున్న మనిషిని మళ్ళీ చూశాడు. కూర్మారావు ఇంగ్లీషు వ్యాపారం వరకే. అయినా 'దండాసి' అన్న మాట విని ఆకులు ఎత్తడం ఆపాడు. చివరికి దొర కొడుకు జేబులోంచి పెన్ను తీసి, ఫోటో వెనక్కి తిప్పి, అక్షరాలు చెప్పమన్నాడు. ఒక్కొక్కటీ చెప్పాను. రాసుకున్నాడు, పక్కన 'తండ్రి' అని కూడా. నా కళ్ళు మసకబారితే జీడి పొగ అన్నాను. దగ్గర్లో ఎక్కడా పొయ్యి లేదు.

కానీ అంతటితో వదిలిపెడితే నేను దండాసి కొడుకును కాదు. వీడియో తీసుకోండి అన్నాను. ఆయన ఫోను చెట్టుకు ఆనించి, రెండు నిమిషాలు అన్నట్టు రెండు వేళ్ళు చూపించాడు. మా వైపు ఎవరి కథైనా ఎవరి కొడుకన్న దగ్గర మొదలవ్వాలని చెప్పి మొదలుపెట్టాను. మా నాన్న, ఆయన నాన్న, ఆయన నాన్న. మా అమ్మ నరసమ్మ, ఆవిడ పుట్టిల్లు నందిగాం, ఆవిడ అయిదుగురు అన్నదమ్ములు, పేరు పేరునా. నా ఇంగ్లీషును వాక్యంలో కలిపిన నౌపడ యాకోబు గారు. ఆవు గౌరి, కుక్క దివాను, పనసచెట్టు పెద్దప్ప. ఎవరు ఏ చెట్టు నాటారో, ఏ తుపానుకు ఏది పడిందో. కూర్మారావు మధ్యలో, "మా అమ్మని మర్సిపోనావు బావా" అంటే, మా మేనత్త అప్పలనరసను చేర్చి మళ్ళీ వెనక్కి వెళ్ళాను. గంటంబావు అయింది. ఆయన మర్యాదస్తుడు, ఆపలేదు. ఎండ మొహం మీదికి వచ్చింది, జరిగి కూర్చున్నాడు. భోజనం పెట్టిన రోజు దగ్గరికి వచ్చాను. "ఆ రోజు మా ఇంటికి ఒక తెల్లాయన వచ్చాడు" అన్నాను. ఆయన కళ్ళు మెరిశాయి. "ఆయన పేరు..." అని పెదవులతో అందించాడు. నాకు వినపడనట్టు, ఆ వేళ కోసిన కోడిపుంజు ఎవరింటి నుంచి తెచ్చామో, ఆ ఇల్లాలి పేరేమిటో చెప్పడం మొదలుపెట్టాను. అలా మూడుసార్లు అందించాడు. మూడుసార్లూ నాకు చెవుడు వచ్చింది. ఆఖరికి ఫోను చార్జింగే అయిపోయింది.

ఆ వీడియో సభల్లో చూపించాడో లేదో, ఆయన గెలిచాడో లేదో నేను అడగలేదు. ఈ జ్ఞాపకం రాసి కూర్మారావుకు చదివి వినిపిస్తే, చివరిదాకా విని, "అంతా బాగున్నాది గానీ బావా, ఆ దొర పేరు, ఆ కొడుకు పేరు ఒక్కసోటా రాయనేదేటి? మర్సిపోనావా?" అన్నాడు. మరిచిపోలేదు. ఇంటిపేర్లతో సహా రెండూ నాకు కంఠతా వచ్చు. రాయలేదంతే.